జాఫర్ ఎప్పటినుంచి సాహిర్ అయ్యాడు?

జాఫర్ అనే పేరు మన ఖాన్‌దాన్‌లకు కొత్త కాదు. మక్కా జుల్మ్ తట్టుకోలేక హబషాకు హిజ్రత్ చేసిన ముస్లింల తరఫున నజాషీ బాద్షా దర్బారులో నిలబడి, సూరె మర్యమ్ ఆయతులు తిలావత్ చేసి, ఆ క్రైస్తవ రాజు కళ్ల వెంట నీళ్లు తెప్పించిన హజరత్ జాఫర్ ఇబ్న్ అబీ తాలిబ్ (రజి) పేరు అది. ఆయన ముఅతా జంగ్‌లో షహీదయ్యారు. తర్వాతి కాలంలో ఇమామ్ జాఫర్ సాదిఖ్ (రహ్మ) పేరు కూడా అదే. ఇంత బరకత్ ఉన్న పేరును ఇవాళ్టి బచ్చాల ముందు పలికి చూడండి. వాళ్లకు గుర్తొచ్చేది పాము తల ఉన్న చేతికర్ర, భుజం మీద చిలుక, పొడుగాటి మొహం, మెలితిరిగిన గడ్డం. 1992లో డిస్నీ కంపెనీ తీసిన 'అలాద్దీన్' బొమ్మల సినిమాలో విలన్.

నేను సినిమాల ఆలిమ్‌ను కాను. పండక్కో, సెలవులకో పిల్లలు చెయ్యి పట్టుకొని లాక్కుపోతే వెళ్లి కూర్చునే మనిషిని. అయినా ఎగిరే ఖాలీన్, సీసాలోంచి పొగలా లేచే జిన్, కత్తి పట్టుకొని లేచొచ్చే అస్థిపంజరం తెర మీద కనబడితే ఈ వయసులోనూ నా నోరు తెరుచుకునే ఉంటుంది. చెప్పుకోడానికి నాకేం షరమ్ లేదు. ఆ తమాషా అంతా ఎక్కణ్నించి వచ్చింది, అందులో మన పేర్లకు ఏమైంది అన్నదే నా దిగులు.

అసలు జాఫర్ వజీర్ తారీఖులో ఉన్నాడు. జాఫర్ బిన్ యహ్యా బర్మకీ. ఖలీఫా హారూన్ రషీద్‌కు నదీమ్, కుడిభుజం. బర్మకీలది బల్ఖ్ నగరం. వాళ్ల పూర్వీకులు అక్కడి నౌబహార్ అనే బౌద్ధ విహారానికి పెద్దలుగా ఉండేవాళ్లు. ఇస్లాంలోకి వచ్చాక ఆ ఖాన్‌దాన్ బాగ్దాద్ సల్తనత్‌ను నడిపింది. ఇతర భాషల కితాబులను అరబీలోకి తర్జుమా చేయించింది. సర్కారీ దఫ్తర్లలో తోలు బదులు కాగితం వాడకం పెరగడంలోనూ వాళ్ల పేరు చెబుతారు. 803లో హారూన్ ఉన్నట్టుండి వాళ్ల మీద విరుచుకుపడ్డాడు. జాఫర్ తల నరికించి, శరీరాన్ని రెండు ముక్కలు చేయించి, బాగ్దాద్ వంతెనల మీద వేలాడదీయించాడు. ఎందుకన్న దానిమీద ముఅర్రిఖ్‌లు ఇప్పటికీ తలో మాట అంటారు. ఏదేమైనా ఆ మనిషి మీద సిహర్, జాదూ అన్న ఇల్జామ్ ఎవరూ వెయ్యలేదు.

'అలిఫ్ లైలా'లోనూ ఆయన సాహిర్ కాదు. హారూన్ రషీద్ రాత్రిపూట సౌదాగర్ వేషం వేసుకొని బాగ్దాద్ గల్లీల్లో తిరుగుతుంటే వెంట నడిచే నమ్మకస్తుడు. తలబిరుసు ఖలీఫాకు, భయపడే రఅయ్యత్‌కు మధ్య నలిగే మనిషి. ఇక అలాద్దీన్ కిస్సాలో ఆయన ఊసే లేదు. అందులోని సాహిర్ మగ్రిబ్ నుంచి, అంటే ఆఫ్రికా పడమటి కొస నుంచి వచ్చినవాడు. షహజాదీ పేరు జాస్మిన్ కాదు, బద్రుల్ బుదూర్. ఇంకో వింత, కథ జరిగేది అరబ్బు దేశంలో కాదు, చీనాలో! ఆ కిస్సా పాత అరబీ ప్రతుల్లోనే లేదు. హలబ్ (అలెప్పో) నుంచి పారిస్ వెళ్లిన హన్నా దియాబ్ అనే సిరియా క్రైస్తవుడు 1709లో నోటితో చెబితే, ఆంత్వాన్ గలాఁ అనే ఫ్రెంచి పండితుడు రాసుకొని తన తర్జుమాలో కలిపాడు. అలీబాబా కూడా ఆ నోటినుంచి వచ్చినవాడే.

మరి బేగునా జాఫర్‌ను సాహిర్‌గా మార్చిందెవరు? నాకు తెలిసినంతలో ఈ బద్నాం పని పెద్ద ఎత్తున చేసిన సినిమా 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా. కాన్రాడ్ వైట్ అనే జర్మన్ నటుడు నల్లటి బట్టల్లో, గుచ్చే చూపుతో జాఫర్ వేషం వేశాడు. బాద్షాను మోసగించి తఖ్త్ ఎక్కే వజీర్, షహజాదీ మీద కన్నేసిన జాదూగర్. డిస్నీ వాళ్లు యాభై ఏళ్ల తర్వాత తీసుకున్నది ఈ జాఫర్‌నే.

ఇంతా చేసి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఖయాలీ సినిమా కూడా అదే. కారణం సాబూ.

సాబూ మన పక్క రాష్ట్రం వాడు. 1924లో మైసూరు దగ్గర కారాపురంలో పుట్టాడు. తండ్రి మైసూరు మహారాజావారి ఏనుగుల మావటి. చిన్నప్పుడే యతీమ్ అయిన ఆ పిల్లవాణ్ని రాబర్ట్ ఫ్లాహర్టీ బృందం చూసి 'ఎలిఫెంట్ బాయ్' (1937)లో పెట్టుకుంది, అక్కణ్నించి లండన్ తీసుకుపోయింది. అసలు పేరు సేలార్ షేక్ సాబూ. చాలా పుస్తకాల్లో సాబూ దస్తగీర్ అని ఉంటుంది. దస్తగీర్ అన్నది ఆయన అన్న పేరు, రాసినవాళ్లు కలిపేశారు. ఇంటింటికీ ఒక దస్తగీరు ఉండే మనకు ఈ గల్తీ వింటే నవ్వొస్తుంది.

ఆ సినిమాలో షహజాదా వేషం ఒక తెల్లాయనది. పేరుకు హీరో ఆయనే. కానీ తెరంతా సాబూదే. దొంగపిల్లాడు అబూగా సముద్రపు ఒడ్డున సీసా మూత తీసేదీ, చంపుతానన్న జిన్‌ను మాటలతో బోల్తా కొట్టించి మళ్లీ సీసాలోకి ఎక్కించేదీ, రాకాసి సాలీడుతో పోరాడేదీ, ఆఖర్న ఖాలీన్ ఎక్కి వచ్చి జాఫర్ పని పట్టేదీ ఈ పదిహేనేళ్ల షేకుల పిల్లవాడే. జిన్‌గా వేసింది రెక్స్ ఇంగ్రామ్ అనే నల్లజాతి అమెరికన్ నటుడు. పడవంత పాదం పక్కన ఇంతే ఇంత సాబూ నిలబడ్డ దృశ్యం చూస్తే ఎనభై ఏళ్లు దాటినా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ కమాల్ వెనక ఉన్న హునర్ చెప్పాలి. నటుణ్ని నీలం తెర ముందు నిలబెట్టి రంగుల ఫిల్ముతో తీస్తారు. తర్వాత లాబొరేటరీలో ఆ నీలాన్ని మాత్రం వేరుచేసి, మనిషి ఆకారం మిగిలేలా ముసుగు ఫిల్ము తయారుచేస్తారు. ఆ ముసుగుతో వేరే చోట తీసిన ఆకాశాన్నో, సముద్రాన్నో మనిషి వెనక అతికిస్తారు. ఈ పని ఇంత పెద్ద రంగుల సినిమాకు చేసి చూపించినవాడు లారీ బట్లర్. దానికి ఆయనకు ఆస్కార్ వచ్చింది. ఛాయాగ్రహణానికి, కళాదర్శకత్వానికి కూడా ఆ సినిమాకే వచ్చాయి. ఇవాళ మన సినిమాలు ఆకుపచ్చ తెర ముందు తీసి ఊళ్లకు ఊళ్లు కట్టేస్తున్నాయే, ఆ విద్యకు బిస్మిల్లా చెప్పిన సినిమాల్లో ఇదొకటి. ఆ నీలం తెర ముందు నిలబడి ఎగిరింది ఒక మావటి కొడుకు.

తర్వాత సాబూ అమెరికా పౌరుడయ్యాడు. రెండో ప్రపంచ జంగ్‌లో బాంబర్ విమానం తోక దగ్గర తుపాకీ పట్టుకు కూర్చున్నాడు, ధైర్యానికి పతకం తీసుకున్నాడు. తిరిగొచ్చాక హాలీవుడ్‌కు ఆయనతో ఏం చెయ్యాలో తోచలేదు. ఎదిగిన సాబూకు ఎక్కువగా ఇచ్చింది మళ్లీ అడవి వేషాలే. 1963లో గుండెపోటుతో ఇంతిఖాల్ అయ్యాడు. వయసు 39.

అంతకుముందూ బాగ్దాద్ మీద సినిమాలు లేకపోలేదు. 1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ మూకీ 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో ఖాలీన్‌ను ఉక్కు తీగలతో క్రేన్‌కు కట్టి నిజంగానే జనం తలల మీద ఎగిరించారు. 1926లో జర్మనీలో లోట్టె రైనిగర్ అనే ఆమె నల్ల కాగితాలు కత్తెరతో కత్తిరించి, ఒక్కో ఫ్రేమూ కదిలించి 'ప్రిన్స్ అహ్మద్' కిస్సా తీసింది. పూర్తి నిడివి బొమ్మల సినిమాల్లో ఇవాళ మిగిలినవాటిలో అదే అన్నిటికన్నా పాతది. అంటే డిస్నీ 'స్నో వైట్' కన్నా ముందే తెర మీద ఆడిన బొమ్మ మన అహ్మద్‌ది.

రే హారీహౌసెన్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1958లో 'సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్'. ఒంటికన్ను రాక్షసుడు, సింద్‌బాద్‌తో కత్తి దూసే అస్థిపంజరం. చిన్న బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేమ్ తియ్యడం, మళ్లీ జరపడం. సెకనుకు 24 ఫ్రేములు. ఆ మెహనత్ ఒక్క మనిషి చేతులది. ఇంకా నచ్చింది 'గోల్డెన్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్'. అందులో సాహిర్ ఒక్కో జాదూ చేసినప్పుడల్లా ఒక్కసారిగా ముసలివాడవుతాడు. సిహర్‌కు ఆయుష్షు ఖరీదు కట్టాలి. ఇప్పటి సినిమాల్లో వేలికొసతో కొండలు లేస్తాయి, కట్టేదేమీ ఉండదు. అందుకే గంట తర్వాత నాకు ఆవులింతలొస్తాయి. కంప్యూటర్ మీద నాకు కోపం లేదు, ఊరికే దొరికే కరామత్ మీదే. కాకపోతే ఆ సింద్‌బాద్‌లంతా తెల్ల మొహాలే. నోట 'అల్లాహ్' మాట ఉంటుంది, మనిషి మాత్రం కాలిఫోర్నియా వాడు.

1992కు వచ్చేసరికి సంగతి ముదిరింది. డిస్నీ సినిమా మొదటి పాటలోనే, మొహం నచ్చకపోతే చెవి కోసే దేశం ఇది అన్న అర్థం వచ్చే చరణం పెట్టారు. అమెరికాలోని అరబ్ సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాక 1993 వీడియోలో చెవి మాట తీసేశారు. అక్కడి జనం మొరటువాళ్లన్న మాట మాత్రం ఉంచేశారు. 2019లో విల్ స్మిత్ జిన్‌గా మళ్లీ తీసినప్పుడు గానీ అది పోలేదు. బొమ్మలోనూ అదే తేడా. అలాద్దీన్, షహజాదీ అమెరికా యాసలో మాట్లాడే అందగాళ్లు. కొంకి ముక్కు, వంకర యాస జాఫర్‌కు, సిపాయిలకు. జాక్ షాహీన్ అనే అధ్యాపకుడు 900కు పైగా హాలీవుడ్ సినిమాలు పరిశీలించి, అరబ్బులను ఎలా చూపించారో 2001లో కితాబు వేశాడు. అది చదివాక ఒక్క జాఫర్‌కే కాదు ఈ గతి అని అర్థమవుతుంది.

మన తెలుగు తెర దగ్గరికి వస్తే కథ వేరు. 1951లో కె.వి.రెడ్డి 'పాతాళ భైరవి'. కాశీమజిలీ కథల వాసన ఉంది, నిజమే. కానీ తోటమాలి కొడుకుని ఆశపెట్టి గుహకు తీసుకుపోయే నేపాళ మాంత్రికుడిలో మగ్రిబీ సాహిర్ ఉన్నాడు. కోరింది ఇచ్చే ప్రతిమలో చిరాగ్ ఉంది. మహలుతో సహా షహజాదీని ఎత్తుకుపోవడం అచ్చం అలాద్దీనే. మార్కస్ బార్ట్‌లీ కెమెరా ముందు ఎస్వీ రంగారావు నిలబడితే కాన్రాడ్ వైట్ దిగదుడుపే అంటాను, ఎవరేమనుకున్నా సరే. 1962లో ఎన్టీఆర్ 'గులేబకావళి కథ'. దాని మూలం 1722లో ఇజ్జతుల్లా బంగాలీ ఫార్సీలో రాసిన కిస్సా. తర్వాత ఉర్దూలో నిహాల్‌చంద్ లాహోరీ వచనంగా, పండిత్ దయాశంకర్ నసీమ్ మస్నవీగా చెప్పారు. ఫార్సీలో హీరో తాజుల్ ములూక్, తెలుగులో విజయుడు.

దీన్ని నేను దొంగతనం అనను. మన పంచతంత్రం ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేతిలో 'కలీలా వ దిమ్నా' అయింది. కిస్సాలకు వీసా ఉండదు, ఏ ఊరికి పోతే ఆ ఊరి బట్ట కడతాయి. పైగా మన విఠలాచార్య 1970లో 'ఆలీబాబా 40 దొంగలు' తీస్తే ఎన్టీ రామారావు దర్జాగా ఆలీబాబా అయ్యాడు, జనం ఈలలు వేశారు. ఇవాళ కోట్లు పోసి తీసే సినిమాల్లో అలాంటి హీరో పేరు వెతకండి. 'బాహుబలి'లో నాకు గుర్తున్నది అస్లం ఖాన్ ఒక్కడే, ఆయుధాల వ్యాపారి. మాట మీద నిలబడే మనిషిగా చూపించారు, షుక్రియా. ఉండేది మాత్రం కాసేపే.

ఇక్కడ మన తప్పూ ఉంది. జాదూ కథలు హరామ్ అని కొందరు, పనికిమాలినవని కొందరు దాస్తాన్‌లను ఇళ్లలోంచి పంపేశారు. ఆకీదా విషయం ఉలమా చెప్పాలి, నేను చెప్పను. కానీ హ్యారీ పోటర్ మాయదుప్పటి చూసి చప్పట్లు కొట్టే పిల్లవాడికి, అలాంటి గిలీమ్ కప్పుకొని మాయమయ్యే అమ్రో అయ్యార్ మన దాస్తాన్‌లో ఉన్నాడని ఎవరూ చెప్పరు. లోకమంతా పట్టే జంబీల్ సంచీ కూడా అతని భుజానే ఉంటుంది. 'దాస్తానె అమీర్ హంజా' అది. హీరో పేరు ఉహద్‌లో షహీదైన హజరత్ హంజా (రజి)ది, కథ మాత్రం పూర్తిగా కల్పితం. ఆ రెంటినీ కలపకూడదు. 1612లో హైదరాబాద్ చేరిన హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ కుతుబ్‌షాహీ దర్బారు కోసం దాన్ని ఫార్సీలో కూర్చాడు. 1625 ప్రాంతంలో గోల్కొండ షాయర్ గవ్వాసీ అలిఫ్ లైలా కిస్సా 'సైఫుల్ ములూక్ వ బదీఉల్ జమాల్'ను మన దక్కనీలో మస్నవీ చేశాడు. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి హంజా దాస్తాన్‌ను 46 పెద్ద సంపుటాలుగా వేసింది. అందులోదే 'తిలిస్మె హోష్‌రుబా': సాహిర్ కట్టిన మాయాలోకం, దానికి సొంత నదులు, సొంత ఆకాశం. ఆ అచ్చాఫీసు యజమాని మున్షీ నవల్ కిశోర్ హిందువని కూడా గుర్తుపెట్టుకోండి. ఢిల్లీలో ఆఖరి పేరున్న దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో పోయాడు.

అంతకు చాలా ముందే అక్బర్ బాద్షా ఈ దాస్తాన్‌కు బొమ్మలు వేయించాడు. మీర్ సయ్యద్ అలీ, తర్వాత అబ్దుస్సమద్ పెద్దలుగా హిందూ ముస్లిం ముసవ్విర్లు కలిసి దాదాపు పదిహేనేళ్లు పనిచేసి, బట్ట మీద ఒక్కోటీ గజం దాకా ఎత్తుండే 1400 చిత్రాలు గీశారు. జిన్నులు, అజ్దహాలు, పేలే కోటలు. నాకైతే అవి సినిమా ఫ్రేముల్లాగే కనిపిస్తాయి. వాటిలో రెండువందల లోపే మిగిలాయి. ఒకేచోట ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా వియన్నాలో ఉంది. లండన్ మ్యూజియంలో ఉన్నవాటిలో కొన్ని 1881లో శ్రీనగర్‌లో దొరికాయి. అక్కడొక దుకాణంలో చలిగాలి రాకుండా వాటిని కిటికీలకు అడ్డం కొట్టి ఉంచారు.