దిల్‌సుఖ్‌నగర్ బాంబులు, పొరుగు రాజ్యముల వైరము

హైదరాబాదు తూర్పుదిక్కున, విజయవాడ రహదారిపై, దిల్‌సుఖ్‌నగర్ దాటిన పిమ్మట ఎల్.బి.నగర్ వచ్చును. ఎల్.బి. యనగా లాల్ బహదూర్. 1965లో పాకిస్తానముతో యుద్ధము నడపి, 1966 జనవరి 10న తాష్కెంటులో అయూబ్ ఖానుతో ఒడంబడికపై చేవ్రాలుచేసి, ఆ రాత్రియే అచ్చట కన్నుమూసిన శాస్త్రిగారి పేరది. నిత్యము ఆ పేరు పలికి టిక్కెట్టు కొనువారిలో ఈ సంగతి తలచువారు కొందరే.

నాటి యుద్ధమునకు సేనలుండెను, సరిహద్దుండెను. కనుకనే ఉభయసేనలును 1965 ఆగస్టు 5 నాటి స్థానములకు మరలవలెనని కాగితముపై వ్రాసికొనుటకు వీలయ్యెను. కౌటిల్యుడు యుద్ధము ప్రకాశయుద్ధము, కూటయుద్ధము, తూష్ణీంయుద్ధమని మూడు విధములనెను. కడపటిది గూఢపురుషులచే చడిచప్పుడు లేక సాగునది. అయినను కౌటిల్యుని గూఢపురుషునకొక రాజుండెను. సంధికి పిలువదలచిన, పిలువదగినవాడొకడుండెను. నేటి ఉగ్రవాదమున ఆ పాటి సదుపాయమును లేదు.

దిల్‌సుఖ్‌నగర్ చవిచూచినది దీనినే. 2002 నవంబరు 21న సాయిబాబా గుడి చెంత ప్రేలుడు జరిగెను. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో 42 మంది మరణించిన నాడే ఇచ్చట దొరకిన బాంబు అదృష్టవశమున ప్రేలలేదు. 2013 ఫిబ్రవరి 21, గురువారము, సాయంకాలమేడు గంటల ప్రాంతమున అదృష్టము తోడురాలేదు. సైకిళ్లకమర్చిన రెండు బాంబులు, ఒకటి బస్సుస్టాపు కడ, ఒకటి మిర్చిబజ్జీల దుకాణము కడ, వెంటవెంటనే ప్రేలెను. 18 మంది మరణించిరి. 130 మందికి పైగా గాయపడిరి. చదువులకై నగరము చేరిన విద్యార్థులును వారిలో నుండిరి. బజ్జీలు తినవచ్చినవానికి ఏ రాజ్యముతో వైరము?

166 మందిని బలిగొన్న 2008 నాటి ముంబయి దాడుల పిమ్మట ఏర్పడిన జాతీయ దర్యాప్తు సంస్థ దీనిని శోధించెను. ఇండియన్ ముజాహిదీన్‌కు చెందిన ఐదుగురికి 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. వారిలో నలుగురు భారతీయులు. జియా ఉర్ రెహమాన్ అనువాడొక్కడు పాకిస్తానీ. ఈ లెక్క గమనింపదగినది. దోషమంతయు పొరుగువానిపై త్రోయుట సులభమే గాని, మన యింటి పాలు మనము వ్రాసికొనక తప్పదు. అట్లని పొరుగుపాలు కొట్టివేయరాదు. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ తీర్పునాటికి చిక్కలేదు. అతడు పాకిస్తానమున తలదాచుకొనెనని దర్యాప్తు సంస్థ వాదన.

2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షలను ధ్రువపరచెను. సరిగా పదునాలుగు దినములకు పహల్‌గామ్‌లో 26 మంది హతులైరి. మరునాడే భారతదేశము 1960 నాటి సింధుజలాల ఒడంబడికను నిలిపివేసెను. అట్టారీ మార్గము మూతపడెను. పాకిస్తానీయుల వీసాలు రద్దయ్యెను. మే నెలలో ఇరు సేనలును తలపడి, 10వ తేదీన నిలిచెను.

దేశవిభజన పిమ్మట కరాచీకి తరలిన బంధువులు గల కుటుంబములు హైదరాబాదున పెక్కులు. కరాచీలో హైదరాబాద్ కాలనీ యను పేటయే కలదు. పెండ్లికో చావుకో అక్కచెల్లెండ్రు ఒకరినొకరు చూచుకొనుటకున్న దారి ఆ వీసా కాగితమే.