సరుకు తాకని అమ్మకందారు

తెల్లవారకముందే మారికుప్పంలో బండెక్కారు మీరు. చాంపియన్, ఊరిగాం దాటేసరికి బెంగళూరు పనులకు వెళ్లేవాళ్లతో బోగీ కిక్కిరిసింది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, ఎన్నో ఇళ్లకు ఈ బండే ఆధారం.

ఎదుటి సీట్లో కుర్రాడి ఫోన్ మోగింది. ఆర్డరు! తెర మీద నల్ల టీషర్టు, దానిపై ‘కేజీఎఫ్’ సినిమా పోస్టరు బొమ్మ. అతని దగ్గర ఒక్క చొక్కా లేదు. ఆర్డరు తిరుప్పూరు పోతుంది. అక్కడే అచ్చేసి, కొన్నవాళ్లింటికి పంపిస్తారు. మధ్యలో మిగిలేది ఇతనికి.

మీ పక్కనున్న లాయరు ముందుకు వంగాడు.

“బొమ్మ వాడుకోను పర్మిషనుందా అప్పా?”

“అది సప్లయరు చూసుకుంటాడు సార్. సరుకు నేను కంటితో కూడా చూడను.”

“బిల్లు ఎవరి పేర పోతుంది?”

“నా పేరే.”

“అయితే అమ్మింది నువ్వే.”

కుర్రాడి నవ్వు ఆగిపోయింది. లాయరు నెమ్మదిగా చెబుతున్నాడు. 1957 కాపీరైట్ చట్టం 51వ సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అచ్చేయడమే కాదు, అమ్మినా, అమ్మకానికి పెట్టినా ఉల్లంఘనే. తెలిసి చేస్తే 63వ సెక్షన్ కింద మామూలుగా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా.

“తెలీదంటే?”

“కాపీరైటు ఉందని తెలియదనీ, అనుమానించే కారణమూ లేదనీ నువ్వే రుజువు చేయాలి. అప్పుడు 55వ సెక్షన్ నష్టపరిహారం తప్పిస్తుంది. అయినా అమ్మకం ఆపాలి, లాభం కట్టాల్సి రావచ్చు. 2018లో వచ్చిన ఆ సినిమా సంగతి తెలీదని ఈ ఊరివాడు చెబితే ఏ జడ్జి నమ్ముతాడప్పా?”

“మా ఊరి పేరే కదా సార్ అది!”

“ఊరి పేరు అందరిదీ. పోస్టరు మాత్రం సినిమావాళ్లది. మన గనుల సైనైడ్ దిబ్బల్ని నువ్వే ఫోటో తీసి అచ్చేయించు, ఆ ఫోటో మీద హక్కు నీది. ఇంకొకరి బొమ్మయితే ముందు లైసెన్సు కాగితం అడుగు. సప్లయరు చూపించకపోతే ఆ సరుకు పెట్టొద్దు.”

బంగారుపేట రాకముందే కుర్రాడు ఆ టీషర్టును తన పేజీలోంచి తీసేశాడు. ఆర్డరు రద్దు చేసి డబ్బు వెనక్కి పంపాడు.

గనులు పోయిన ఊళ్లో ఫోనే పెట్టుబడిగా బతుకు వెతుక్కుంటున్న పిల్లలు వీళ్లు. చొక్కాకు ధర కట్టడం నేర్పేవాళ్లు బోలెడు మంది. లైసెన్సు కాగితం అడగడం కూడా మొదటి రోజే నేర్పాలి.