బిడ్డ బాకీ

భివండి పద్మానగర్‌లో సాంచాల చప్పుడు మనకు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలీలు తరాలుగా ఆ చప్పుడు మధ్యనే పిల్లల్ని పెంచుకున్నారు. ఆ వాడ నుంచి ఒక తల్లి కొన్నేళ్ల క్రితం మా బ్యాంకుకు వచ్చింది. విడిపోయిన భర్త ఇద్దరు పిల్లలకు నెలనెలా భరణం కట్టాలన్న కోర్టు ఉత్తర్వు ఆమె చేతిలో ఉంది. "కాయితమైతే వచ్చింది సార్, పైసలే రాలె" అన్నది.

కామర్సు చదివి, అప్పుల వసూళ్లలో తల నెరిసినవాణ్ణి. అయినా ఈ బాకీ సంగతి నాకు తెలియదు. ఆమె వెళ్లాక దీని చరిత్ర వెతికాను.

మన పెద్దలు మనోవర్తి అన్నది దీన్నే. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ ప్రకారం, స్తోమత ఉండి భార్యాబిడ్డల్ని పోషించని మగవాడిపై మేజిస్ట్రేటు నెలకు 50 రూపాయల దాకా విధించవచ్చు. ఆ పరిమితి 1923లో 100, 1955లో 500 అయింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త కోడ్, 125వ సెక్షన్‌లో, మళ్లీ పెళ్లి చేసుకోని విడాకుల భార్యను కూడా చేర్చింది. అంకె మాత్రం 500 దగ్గరే ఉంది. కొన్ని రాష్ట్రాలు తమ సవరణలతో పెంచుకున్నా, కేంద్ర చట్టంలో ఆ పరిమితి పోయింది 2001లోనే. 46 ఏళ్లలో బియ్యం ధర ఎంత పెరిగిందో లెక్క వేసుకోండి!

ఉత్తర్వు ఒక ఎత్తు, వసూలు మరో ఎత్తు. కట్టకపోతే మేజిస్ట్రేటు వారంటుతో జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేయించవచ్చు. అప్పటికీ కట్టకపోతే, ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు. "జైలుకెళ్లొచ్చాను, బాకీ తీరింది" అనే మాట చెల్లదని సుప్రీంకోర్టు 1988లో కుల్దీప్ కౌర్ కేసులో తేల్చింది. జైలు కట్టించడానికే గాని, కట్టినట్టు లెక్క కాదు.

మన ఊళ్లో చిక్కు వేరు. సాంచా కార్మికుడికి మీటరు లెక్కన పగారు, అదీ నగదు. జీతం చీటీ ఉండదు. ఇక్కడ గొడవైతే సూరత్‌కో షోలాపూర్‌కో పోతాడు. అయితే చట్టం ఇది ముందే ఊహించింది. అతడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వును అమలు చేయించవచ్చు. ఉత్తర్వు నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆదాయం దాచేవారి కోసం 2020లో రజనీష్ కేసు తీర్పు ఇరుపక్షాలూ ఆస్తులు, ఆదాయాలు ప్రమాణపత్రంలో చూపాలన్నది. భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలన్నది. 2024 జూలై 1 నుంచి 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ వచ్చింది. వసూలు పద్ధతి దాదాపు పాతదే.

2024 డిసెంబరులో వెలువడిన మరో తీర్పు నాలాంటివాణ్ణి కుర్చీలో సర్దుకుని కూర్చునేలా చేసింది. ఆస్తి తాకట్టు పెట్టుకున్న బ్యాంకుల కంటే కూడా భరణం బాకీకే ముందు హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై ఏళ్లుగా తాకట్టుదే మొదటి వరస అనుకున్నవాణ్ణి. కాదు, బిడ్డ అన్నం ముందు, మా వడ్డీ తర్వాత. న్యాయమే కదా!

ఒక్క గడువు మాత్రం మరవకూడదు. ఏ నెల బాకీకైనా ఏడాది లోపల దరఖాస్తు పెడితేనే వారంటు. ఆ తల్లి కాగితంలో తేదీ గుర్తుంది. అప్పటికి పదహారు నెలలు. కులపెద్దలు "మాట్లాడదాం, ఆగు" అంటే ఆగిందట. ఆ ఆగడంలోనే నాలుగు నెలల బాకీకి ఈ దారి మూసుకుపోయింది. మన పంచాయితీల్లో కూర్చునే పెద్దలు ఈ లెక్క ముందు తెలుసుకోవాలి. మాటలు సాగినన్నాళ్లూ సాగనివ్వండి. దరఖాస్తు మాత్రం ఆగకూడదు.