అమ్ము బరువు

వేటవింటికి తేలికయైన అమ్మే మేలని పలువురు తలతురు. తేలిక వస్తువు వేగముగా పోవును గదా! అయితే మితిమీఱి తేలికయైన అమ్ము లక్ష్యమునకంటె ముందు విల్లునే చెఱచును.

1545వ సంవత్సరమున రాజర్ ఆస్కమ్ అను ఆంగ్ల పండితుడు ‘టాక్సోఫిలస్’ అను ధనుర్విద్యాగ్రంథమును వెలువరించి ఎనిమిదవ హెన్రీకి సమర్పించెను. సేనలకు ఆస్పెన్ కఱ్ఱ అమ్ముల కంటె, బరువైన ఆష్ కఱ్ఱ అమ్ములే గట్టిదెబ్బ తీయునని అందు వాదించెను. ఆ యేటనే జూలై 19వ తేదీన హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ పోర్ట్స్‌మత్ రేవు చెంత మునిగినది. 1982లో ఆ నౌకను పైకి తీసిరి. అందు దొరకిన మూడువేలకు పైబడిన అమ్ములలో పెక్కులు ఆస్పెన్ చేరిన పాప్లర్ జాతి కఱ్ఱవే. పండితుని వాదము వేఱు, ఆయుధశాలలోని సరకు వేఱు!

ఆస్కమ్ తలచినది దెబ్బను గూర్చి. వింటి క్షేమమును తెలిసికొనుటకు 1943లో అమెరికా భౌతికశాస్త్రవేత్త పాల్ క్లాప్‌స్టెగ్ ప్రకటించిన వ్యాసము మనకు తోడ్పడును. నారి విడిచినప్పుడు అమ్మే గాక వింటిబద్దలును నారియు కదలవలెను. ఆ చలనము అమ్మునకు కొంత అదనపు బరువు కట్టినట్లు పనిచేయును. ఒక వింటికి ఈ అదనపు బరువు ఇంచుమించు మాఱదు. అది తులమనుకొందము. తులము బరువుగల అమ్మును వేసినచో శక్తిలో సగమే దానికి చేరును. రెండు తులముల దానిని వేసినచో మూడింట రెండుపాళ్లు చేరును. తక్కినది ఎచటికి పోవును? వింటిలోనే నిలిచి, బద్దలను అదరగొట్టి, చీలికలు పుట్టించును. అమ్ము లేకయే నారి విడిచినచో శక్తి యంతయు వింటిమీదనే పడును. బద్ద విఱిగి విలుకాని మొగమునకు తగులుటయు కలదు. పై లెక్కలో బరువు రెట్టింపైనను వేగము అయిదవవంతైనను తగ్గలేదు. ఇంత స్వల్పలాభమునకై కన్నులు పోగొట్టుకొననేల యని మా ప్రశ్న.

వింటిని లాగు బలములో పౌనొక్కింటికి 5 గ్రెయినులకు తగ్గని అమ్మును వాడవలెనని నేటి తయారీదారులు పలువురు చెప్పుదురు. 50 పౌనుల వింటికి ఇది 250 గ్రెయినులు. కఱ్ఱవిండ్లకు ఇది చాలదని మా యభిప్రాయము. వానికి 8 మొదలు 10 గ్రెయినుల వఱకు పట్టుట వాడుక. 9 పట్టినచో 450 గ్రెయినులు, అనగా 180 గ్రెయినుల తులము లెక్కను సరిగా రెండున్నర తులములు. మొన, ఈకలు, కఱ్ఱ అన్నియు కలిపియే తూచవలెను.

వన్యమృగముల వేట మన దేశమున చట్టనిషిద్ధము. అనుమతిగల దేశములలో వేటకాడు ఈ లెక్కను తనకొఱకే గాక మృగముకొఱకును చూడవలెను. తేలిక అమ్ము లోతుగా దిగక గాయముమాత్రము చేయగా, ఆ ప్రాణి తప్పించుకొని పొదలలో దినములతరబడి బాధపడి చచ్చును.