సెంట్రల్ యూనివర్సిటీలో ఉద్యోగం: పాఠం చెప్పేవాళ్లకే కాదు, ఆఫీసు పనికీ చోటుంది

యూనివర్సిటీ ఉద్యోగం అనగానే చాలా ఇళ్లల్లో ప్రొఫెసర్ పోస్టే గుర్తొస్తుంది. కానీ బి.కాం. చదివిన పిల్లలకూ అక్కడ పనుంటుంది. క్లర్కులు, అసిస్టెంట్లు, సెక్షన్ ఆఫీసర్లు, లైబ్రరీ, ల్యాబ్ సిబ్బంది, అకౌంట్స్ చూసేవాళ్లు లేకుండా ఏ యూనివర్సిటీ నడవదు. హైదరాబాద్‌లోనే మూడు సెంట్రల్ యూనివర్సిటీలున్నాయి: హైదరాబాద్ యూనివర్సిటీ, ఇఫ్లూ, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ (మాను).

టీచింగ్ పోస్టులు

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీలో 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ లేదా సెట్ ఉండాలి. 2023 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్ దేశమంతా చెల్లుతుంది, సెట్ ఆ రాష్ట్రం వరకే. నెట్‌లో కామర్స్, ఉర్దూ, అరబిక్ సబ్జెక్టులు కూడా ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: 2024 నుంచి 'పీహెచ్‌డీ అడ్మిషన్‌కు మాత్రమే' అని వచ్చిన నెట్ ఫలితంతో లెక్చరర్ పోస్టుకు అర్హత రాదు. ఈ పోస్టుల మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది.

నాన్ టీచింగ్ పోస్టులు

లోయర్ డివిజన్ క్లర్క్‌కు సాధారణంగా డిగ్రీ, ఇంగ్లీషులో నిమిషానికి 35 పదాల టైపింగ్ అడుగుతారు. మూల వేతనం 19,900. సెక్షన్ ఆఫీసర్‌కు 44,900. అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కు పీజీలో 55 శాతం కావాలి, మూల వేతనం 56,100. గ్రూప్ సి పోస్టులకు 2016 నుంచి ఇంటర్వ్యూ లేదు. రాత పరీక్ష, స్కిల్ టెస్టే. కాబట్టి "క్లర్కు పోస్టుకు ఇంటర్వ్యూలో చూసుకుంటాం" అని డబ్బు అడిగేవాళ్ల మాట నమ్మొద్దు.

ఎక్కడ చూడాలి

టీచింగ్ ఖాళీలు యూజీసీ వారి 'సీయూ-చయన్' పోర్టల్‌లో కనిపిస్తాయి. మిగతావాటి కోసం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని రిక్రూట్‌మెంట్ పేజీ, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ చూస్తుండాలి. మానులో ఉర్దూ చదివి ఉండాలన్న నిబంధన తరచూ ఉంటుంది. ఏ స్థాయి వరకు అన్నది నోటిఫికేషన్‌లో చదువుకోవాలి.

సర్టిఫికెట్ దగ్గర పొరపాటు

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రాష్ట్రంలో బీసీ-ఈ సర్టిఫికెట్‌తో సీటు వచ్చింది కాబట్టి సెంట్రల్ యూనివర్సిటీలోనూ అదే చెల్లుతుందని అనుకుంటారు. చెల్లదు. అక్కడ చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. దూదేకుల వారు ఆ జాబితాలో ఉన్నారు. రాష్ట్ర బీసీ-ఈలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్టు కాదు. పేరు ఉంటే కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

పేరు లేకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. కేంద్ర జాబితాలో లేని కులాలవాళ్లు సెంట్రల్ పోస్టులకు 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటాలో దరఖాస్తు చేయొచ్చు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. 5 ఎకరాల సాగుభూమి గానీ, 1,000 చదరపు అడుగుల ఫ్లాట్ గానీ, అంతకు మించి గానీ ఉంటే అర్హత రాదు. ఈ సర్టిఫికెట్‌ను ఏటా కొత్తగా తీసుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దార్ ఆఫీసుకు పరిగెత్తితే గడువు దాటిపోవచ్చు. ముందే తీసి పెట్టుకోవడం మంచిది.