ఊపిరి లెక్కలో హారం

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. వైద్యశాస్త్రం నా విషయం కాదు. అయినా ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే యంత్రం చరిత్ర నన్ను ఆకర్షించింది. ఎందుకంటే దాన్ని తీర్చిదిద్దిన లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ ఒక జీవిత బీమా కంపెనీకి కూడా డాక్టరు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో క్షయ వేలమందిని తీసుకుపోయేది. ఎక్స్‌రే ఇంకా రాలేదు. పాలసీ అడగడానికి వచ్చినవాడి రొమ్ములో ఏముందో బయటినుంచి చెప్పడం కష్టం. హచిన్సన్ నీళ్ల తొట్టిలో ఒక పాత్ర బోర్లించి, దానికి గొట్టం అమర్చాడు. నిండా గాలి పీల్చి గొట్టంలోకి చివరిదాకా ఊదితే పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేస్తే అంత గాలి. దానికి 'వైటల్ కెపాసిటీ' అని పేరు పెట్టాడు. ఎంత ఊదినా సుమారు లీటరు గాలి లోపలే మిగులుతుంది. అది ఈ కొలతకు అందదు.

1846లో ఆయన 2,130 మందిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించాడు. వారిలో నావికులు, పోలీసులు, మల్లులు, బీదలు అందరూ ఉన్నారు. 5 అడుగులనుంచి 6 అడుగులదాకా ఎత్తు ఒక్కో అంగుళం పెరిగితే సామర్థ్యం 8 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 130 మిల్లీలీటర్లు పెరుగుతుందని తేల్చాడు.

కొలవడం అక్కడితో అయింది. అంచనా వేయడం అక్కడ మొదలైంది. ఊదిన గాలి లవమైతే, ఆ మనిషి ఊదవలసిన గాలి హారం. ఆ హారాన్ని ఎవరు నిర్ణయించాలి?

అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన కార్ట్‌రైట్ అనే వైద్యుడు, నల్లవారి ఊపిరి పుట్టుకతోనే తక్కువని 1850ల్లో రాశాడు. 1869లో గౌల్డ్ ప్రచురించిన సైనికుల లెక్కలు ఆ మాటకు అంకెల బలమిచ్చాయి. వారు తిన్న తిండి, చేసిన చాకిరీ, పీల్చిన గాలి లెక్కలోకి రాలేదు. తరువాతి కాలంలో నల్లవారికి హారాన్ని 15 శాతం దాకా తగ్గించడం అక్కడ అలవాటైంది. మన దేశంలోనూ పాశ్చాత్యుల అంకెల్లో కొంత తగ్గించి చూసే పద్ధతి చాలాచోట్ల నడిచింది.

దీని ఫలితం చూడండి. ఒక కార్మికుడు 3 లీటర్లు ఊదాడు. ఉండవలసింది 4 లీటర్లయితే అతనికున్నది 75 శాతం. 80 శాతానికి తక్కువ గనుక వాడుకలో ఉన్న లెక్క ప్రకారం రోగి. హారంలో 15 శాతం కోస్తే అది 3.4 లీటర్లవుతుంది, అతనికి 88 శాతం వస్తుంది. ఊపిరి మారలేదు, రోగం మాత్రం కాగితంమీద మాయమైంది. దానితోపాటే నష్టపరిహారం కూడా. ఇది ఊహ కాదు. 1999లో అమెరికాలోని బాల్టిమోరులో, ఆస్బెస్టాస్ దావాల్లో నల్ల కార్మికులకు వేరే ప్రమాణం పెట్టాలని ఒక కంపెనీ కోర్టులో వాదించింది.

2022లో జాతితో పనిలేని కొత్త సమీకరణాలు వచ్చాయి. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ వాటినే వాడమని సిఫారసు చేసింది. ఎత్తు, వయసు, స్త్రీపురుష భేదం మాత్రం లెక్కలో ఉన్నాయి. వాటికి కారణం ఉంది.

బ్యాలెన్స్ షీటు చూసేటప్పుడు శాతం కనబడగానే దేనిలో శాతమని అడగడం మా వృత్తిలో మొదటి పాఠం. డాక్టరు చీటీమీద శాతం కనిపించినప్పుడు కూడా ఆ ప్రశ్న అడగవచ్చు. అడగడానికి వైద్యం చదివి ఉండనక్కరలేదు.