ఇంగ్లీషు తరగతిలో విద్యార్థుల భాషలు

ఇంగ్లీషును పరభాషగా నేర్పేటప్పుడు పిల్లలకు అప్పటికే వచ్చిన భాషలను ఆసరాగా తీసుకోవచ్చా, కూడదా అన్న వాదం దాదాపు నూటయాభై ఏళ్ల నాటిది.

19వ శతాబ్దపు యూరప్ బడుల్లో వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించి, వాక్యాలు అనువాదం చేయించేవారు. ఏళ్ల తరబడి చదివినా నోరు పెగలని ఆ చదువుపై 1882లో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ ఫియెటర్ ధ్వజమెత్తాడు. అంతకు నాలుగేళ్ల ముందే, అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ నేర్చుకునే భాష తప్ప మరొకటి వినబడని బడి తెరిచాడు. శిష్యుల భాష రాని గురువుతోనూ పాఠం నడిపించవచ్చు గనక ఆ పద్ధతి వ్యాపారానికి బాగా కలిసొచ్చింది.

1961లో ఉగాండాలోని మకెరెరేలో జరిగిన కామన్వెల్త్ సదస్సు నాటికి, ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలన్నది ప్రశ్నించనవసరం లేని సిద్ధాంతమైంది. అది వట్టి అపోహ అని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ గ్రంథంలో వాదించాడు. అయినా 2009లో జపాన్ ప్రభుత్వం హైస్కూలు ఇంగ్లీషు పాఠాలను ప్రధానంగా ఇంగ్లీషులోనే చెప్పాలని నిర్దేశించింది.

మరో దారి వేల్స్‌ది. 1967లో సి.జె. డాడ్సన్ ప్రచురించిన ద్విభాషా పద్ధతిలో గురువు వాక్యార్థాన్ని మాతృభాషలో చెప్పి, వెంటనే నేర్పే భాషలో సాధన చేయిస్తాడు. 1994లో కెన్ విలియమ్స్ వెల్ష్ బడుల్లో ఒక భాషలో చదివించి మరో భాషలో రాయించే అలవాటుకు ‘ట్రాన్స్‌లాంగ్వేజింగ్’ అన్న మాటకు మూలమైన పేరు పెట్టాడు. న్యూయార్క్‌లో పనిచేసిన ఒఫెలియా గార్సియా 2009 నాటి పుస్తకంతో ఆ భావన విస్తరించింది. దీంతో ఒక్క మాతృభాషకే పరిమితమైన చర్చ పిల్లలకు వచ్చిన అన్ని భాషల వైపు మళ్లింది.

తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన హైదరాబాద్ పిల్లలకు ఇలా వచ్చిన భాషలన్నిటినీ వాడుకోవడం వెంటనే పనికొస్తుంది. ‘బల్ల మీద’, ‘మేజ్ పర్’ అన్నప్పుడు రెండింటిలోనూ స్థానం చెప్పే మాట వెనకే వస్తుంది. ‘ఆన్ ద టేబుల్’లో ముందు వస్తుంది. మూడూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే తేడా కంటికి కడుతుంది. అయితే ప్రతి వాక్యానికీ అనువాదం చెప్పడం ఈ పద్ధతి కాదు. అలా చేస్తే పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి తెలుగు కోసం ఎదురుచూస్తారు. ఇంగ్లీషు ఆ ఒక్క పీరియడ్‌లోనే వినబడే ఊళ్లలో అది పెద్ద నష్టం.

పిల్లల ఇంటి భాషలు తెలుగు, ఉర్దూలతో ఆగిపోవు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండి, కోయ, సవర సహా ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. 2020లో ఇంగ్లీషు మాధ్యమానికి మారుతూ ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలను ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా ముద్రించింది. ఇంట్లో సవర మాట్లాడే పిల్లలకు ఆ ఎదురు పేజీ కూడా కొత్త భాషే. వారి చేతికి సవర పేజీ కూడా అందాలి.